తలుపు తట్టే ఉద్యోగానికి వెళ్లే ముందు

ఈరోజు మనం మాట్లాడుకోబోయేది ప్రసంగ పీఠం మీద తరచుగా వినిపించే సంగతి కాదు. క్యాన్వాసర్ ఉద్యోగం ఇంటర్వ్యూకు ఎలా సిద్ధపడాలి అన్నది మన అంశం. ఇంత చిన్న ఉద్యోగం గురించి సభ పెట్టి మాట్లాడాలా అని కొందరు పెద్దలు అడిగారు. మాట్లాడాలి. మన పిల్లల్లో చాలామంది మొట్టమొదట జీతం అందుకునేది ఇలాంటి ఉద్యోగంలోనే. మొట్టమొదట మోసపోయేది కూడా ఇక్కడే. రెండూ తెలిసి ఊరుకోవడం మనకు తగదు.

ముందు మనం ఎవరమో ఒకసారి గుర్తు చేసుకుందాం. మన తాత ముత్తాతలు పని వెతుక్కుంటూ తెలుగు నేల దాటి వచ్చారు. కోలారు గనుల్లోకి దిగారు, షోలాపూర్ మగ్గాల మీద కూర్చున్నారు, ముంబయిలో రాళ్లు మోశారు. కామాటిపుర అనే పేరే మన తెలుగు కూలీల వల్ల వచ్చింది. బరంపురంలో, మద్రాసులో, యానాంలో తరాలుగా ఉన్నాం. 2001లో కోలారు బంగారు గనులు మూతపడ్డాయి. ఆ గని కార్మికుల మనవలు ఇప్పుడు తెల్లవారుజామున మారికుప్పం నుంచి రైలెక్కి బెంగళూరులో పని చేసి రాత్రికి ఇల్లు చేరుతున్నారు. దళిత క్రైస్తవులకు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల ఎస్సీ హోదా లేదు. ఆ రిజర్వేషన్ తలుపు మూసుకుపోయిన చోట మన పిల్లలకు మిగిలేవి ప్రైవేటు ఉద్యోగాలే. వాటిలో డిగ్రీ పూర్తికాకపోయినా, సిఫారసు లేకపోయినా దొరికేది ఫీల్డ్ జాబ్. కాబట్టి దీన్ని చిన్నచూపు చూడొద్దు. అలాగని కళ్లు మూసుకుని చేరిపోవద్దు.

క్యాన్వాసర్ అంటే ఎవరు? ఇంటింటికీ, అంగడికీ, ఆఫీసుకీ వెళ్లి మనుషులతో మాట్లాడి వాళ్లను ఒక పనికి ఒప్పించేవారు. ఇందులో కనీసం నాలుగు రకాలున్నాయి. స్వచ్ఛంద సంస్థల తరఫున విరాళాలు అడిగేవారు ఒక రకం. మాల్ ముందో, మెట్రో స్టేషన్ దగ్గరో ఫైలు పట్టుకుని నిలబడే పిల్లలను మీరు చూసే ఉంటారు. క్రెడిట్ కార్డు, లోను, ఇంటర్నెట్ కనెక్షన్ లాంటివి అమ్మేవారు రెండో రకం. సర్వేలు చేసేవారు, ఎన్నికలప్పుడు ఇల్లిల్లూ తిరిగేవారు మూడో రకం. సరుకులు అమ్ముతూ కమీషన్ మీద బతికేవారు నాలుగో రకం. ప్రకటనలో అన్నింటికీ ఒకే మాట రాస్తారు: ఫీల్డ్ ఎగ్జిక్యూటివ్ కావలెను. కనుక ఫోన్ చేసినప్పుడే అడగండి: "సార్, నేను ఏం అడగాలి? ఎవరిని అడగాలి? జీతమా, కమీషనా?" ఈ మూడు ప్రశ్నలకు నేరుగా జవాబు చెప్పని చోటికి బస్సు చార్జీ పెట్టుకుని వెళ్లనక్కర్లేదు.

ఇక సిద్ధపాటు. ఇంటర్వ్యూకు ముందు రోజు చేయాల్సినవి చెప్తాం.

సంస్థ గురించి తెలుసుకోండి. అది ఎప్పుడు మొదలైంది, ఏం పని చేస్తుంది, మీ ఊళ్లో ఎక్కడ పని చేసింది అన్నవి చదివి మూడు వాక్యాల్లో మీ మాటల్లో చెప్పగలగాలి. విరాళాలు సేకరించే సంస్థ అయితే ఒక విషయం తప్పక తెలుసుకుని వెళ్లండి: వాళ్లకిచ్చే విరాళానికి ఆదాయపు పన్ను రాయితీ ఉందా? నగదు రూపంలో ఇచ్చింది 2,000 రూపాయలు దాటితే ఆ రాయితీ వర్తించదు. తలుపు దగ్గర జనం అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి. ఇంటర్వ్యూలో మీరే ఈ మాట ఎత్తితే, ఈ అమ్మాయి పని తెలుసుకుని వచ్చింది అని ఎదుటివారికి అర్థమవుతుంది.

కాగితాలు సర్దుకోండి. బయోడేటా రెండు కాపీలు, మార్కుల జాబితా జిరాక్సు, ఆధార్ జిరాక్సు, రెండు ఫోటోలు చాలు. ఒరిజినల్స్ చూపించడానికి తీసుకెళ్లవచ్చు, వదిలి రావడానికి కాదు. జిరాక్సు మీద తేదీ వేసి, ఏ సంస్థలో ఏ ఉద్యోగం కోసం ఇచ్చారో రాసి సంతకం పెట్టండి. ఆ కాపీతో ఇంకెవరూ సిమ్ కార్డు గానీ లోను గానీ తీసుకోకుండా అదొక జాగ్రత్త.

బట్టలు కొత్తవి కానక్కర్లేదు. ఉతికి ఇస్త్రీ చేసినవైతే చాలు. చెప్పుల సంగతి మాత్రం ఆలోచించుకోండి. రోజంతా నడవగలిగే బూట్లు వేసుకుని వెళ్తే, ఉద్యోగం గురించి మీరు ఆలోచించారని వాళ్లకు తెలుస్తుంది.

భాష మన బలం. ఈ మాట గట్టిగా చెప్తున్నాం, ఎందుకంటే మన పిల్లలు దీన్నే బలహీనత అనుకుంటారు. "మాకు తెలుగు చదవడం సరిగా రాదు, కన్నడ యాస పడుతుంది, ఇంగ్లీషు తడబడుతుంది" అని తల దించుకుంటారు. కానీ చూడండి, బెంగళూరులో ఒకే వీధిలో కన్నడం, తమిళం, తెలుగు, ఉర్దూ, హిందీ మాట్లాడే ఇళ్లుంటాయి. నాలుగు భాషల్లో "అమ్మా, ఒక్క నిమిషం" అనగలిగిన మనిషి ఆ వీధిలో ఎంత విలువైనవాడు! షోలాపూర్లో మరాఠీ, తెలుగు, హిందీ, కన్నడం వచ్చినవారికీ అంతే. బయోడేటాలో భాషలు అడుగున రాయొద్దు, పైన రాయండి. చదవడం వచ్చినవి, మాట్లాడడం మాత్రమే వచ్చినవి వేరుగా రాయండి. అక్కడ పరీక్షించినా ఇబ్బంది పడరు.

ఇప్పుడు ఇంటర్వ్యూ గదిలోకి వెళ్దాం. "మీ గురించి చెప్పండి" అంటారు. చాలామంది తండ్రి పేరుతో మొదలుపెట్టి హాబీలతో ముగిస్తారు. మీరు ఉద్యోగానికి పనికొచ్చే సంగతి చెప్పండి. "అనుభవం ఉందా?" అంటే వెంటనే "లేదు సార్" అనకండి. కోతల పండుగకు చందా పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది ఎవరు? క్రిస్మస్ క్యారల్ రౌండ్లలో రాత్రి ఏ ఇల్లు ముందు, ఏ ఇల్లు తర్వాత అని వరుస వేసింది ఎవరు? సెలవుల్లో వీబీఎస్‌కు పిల్లలను పంపమని తల్లులను ఒప్పించింది ఎవరు? అదంతా క్యాన్వాసింగే. దాన్ని ఇలా చెప్పండి: "మూడేళ్లుగా మా యువజన సంఘం తరఫున ఏటా ఇంటింటికీ వెళ్లి చందా సేకరించాను. రసీదులు నేనే రాశాను. చివరి రోజు కోశాధికారికి పైసాతో సహా లెక్క అప్పజెప్పాను." మీరు నిజంగా చేసినదే చెప్పండి. చేయనిది కలిపి చెప్తే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

తర్వాత "మాకు అమ్మి చూపించండి" అంటారు. ఒక్క నిమిషం సమయం ఇస్తారు. దీన్ని ఇంటి దగ్గర అమ్మ ముందు, చెల్లి ముందు పదిసార్లు చేసి చూడండి. ఒక నమూనా చెప్తాం: "నమస్తే అమ్మా. నా పేరు ఇది, ఫలానా సంస్థ నుంచి వచ్చాను, ఇదిగో నా గుర్తింపు కార్డు. బడి మానేసిన పిల్లలను తిరిగి బడికి పంపే పని మాది. నెలకు ఇంత చొప్పున సాయం చేసేవారి కోసం వచ్చాను. మీకు రెండు నిమిషాలు తీరిక ఉందా? లేకపోతే ఈ కాగితం ఉంచండి, చదివి ఆలోచించుకోండి." ఇందులో ఎవరు, ఎందుకు వచ్చారు, ఏం అడుగుతున్నారు అన్నవి దాపరికం లేకుండా ఉన్నాయి. కాదనే వీలు కూడా ఉంది. కాదనే వీలు ఇస్తే అమ్ముడుపోదని కొందరు టీమ్ లీడర్లు చెప్తారు. కానీ ఇరుకున పెట్టి సంతకం చేయించుకుంటే ఆ మనిషి మరునాడే రద్దు చేసుకుంటాడు, మీ లెక్కలో అది తగ్గుతుంది.

"పది ఇళ్లలో మొహం మీదే తలుపేస్తే ఏం చేస్తారు?" ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. "బాధపడను సార్" అని గొప్పలు పోవద్దు. ఎవరైనా బాధపడతారు. "బాధగానే ఉంటుంది. కాసేపు నీళ్లు తాగి, నా మాటలో ఏం మార్చాలో చూసుకుని పదకొండో ఇంటికి వెళ్తాను" అనండి. లెక్క తెలిసినవారిలా కూడా మాట్లాడండి. ఉదాహరణకు రోజుకు అరవై తలుపులు తడితే ముప్పై తెరుచుకున్నాయనుకోండి, పదిమంది విన్నారనుకోండి, ఇద్దరు ఒప్పుకున్నారనుకోండి. అప్పుడు యాభై ఎనిమిది "కాదు"లు ఆ రెండు "అవును"ల వెనక ఉన్నట్టే. ఇలా రోజూ రాసుకుంటానని చెప్పేవారిని ఏ మేనేజరూ తేలిగ్గా తీసిపారేయడు.

ఇక మన పిల్లలను అన్నిటికన్నా ఎక్కువగా కుంగదీసే ప్రశ్న ఒకటుంది. "మీరేమిట్లు?" సూటిగా అడగకపోతే ఇంటిపేరు అడుగుతారు, ఉండే వీధి అడుగుతారు, నాన్న ఏం చేస్తారని అడుగుతారు. నాన్న పారిశుధ్య కార్మికుడైతే పిల్లల నోరు అక్కడే ఆగిపోతుంది. చెల్లీ, తమ్ముడూ, నాన్న పని దాచుకోవలసినది కాదు. "మా నాన్నగారు నగరపాలికలో పని చేస్తారు, ఆయన కష్టం మీదే నేను చదువుకున్నాను" అని తలెత్తి చెప్పండి. కులం అడిగితే మర్యాద తప్పకుండా "ఈ ఉద్యోగానికి దానితో పనేముంది సార్? నా పని గురించి ఏదైనా అడగండి, చెప్తాను" అనవచ్చు. అలా అన్నందుకు ఉద్యోగం రాకపోవచ్చు కూడా. ఆ సంగతి దాచి మిమ్మల్ని ఊరించం. కానీ గుమ్మంలోనే కులం తూచే చోట రేపు మీకు ఏ వీధులు ఇస్తారో, ఎవరి ఇళ్లకు వెళ్లొద్దంటారో కూడా ఆలోచించుకోండి. ఏం చెప్పాలో మీ ఇంటి పరిస్థితిని బట్టి మీరే నిర్ణయించుకోండి. అవసరం కొద్దీ జవాబిచ్చి ఉద్యోగంలో చేరినవారిని మేము తప్పు పట్టం. సిగ్గుపడాల్సింది అడిగినవారే.

చివరలో "మీరేమైనా అడుగుతారా?" అంటారు. తొంభై మంది "ఏం లేదు సార్" అని లేచి వచ్చేస్తారు. ఇక్కడ నెహెమ్యాను గుర్తు చేసుకుందాం. రాజు ముందు భయంతో నిలబడినా, ఏం కావాలని రాజు అడిగేసరికి అతని దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఎంతకాలం పడుతుందో చెప్పాడు, దారిలో అధికారులకు చూపించడానికి పత్రాలు అడిగాడు, గుమ్మాలకు, గోడకు కావలసిన కలప కోసం ఉత్తరం అడిగాడు. ప్రార్థన చేసుకునే వెళ్లాడు, పట్టీ రాసుకున్నట్టే అడిగాడు. మనమూ అలాగే అడగాలి. ఏం అడగాలి?

నికరంగా చేతికి వచ్చే జీతం ఎంత, టార్గెట్ చేరకపోయినా అది వస్తుందా? బస్సు చార్జీ, పెట్రోలు, ఫోన్ రీచార్జి ఎవరు పెట్టుకోవాలి? ఒక లెక్క వేసి చూడండి. జీతం 15,000 అంటారు. రోజుకు రాకపోకలకు 80, మధ్యాహ్నం తిండికి 70 అనుకుంటే, ఇరవై ఆరు రోజులకు 3,900 పోతుంది. చేతిలో మిగిలేది 11,100. ఆ లెక్క ఇంట్లో వేసుకుని వెళ్లినవారు "ప్రయాణ ఖర్చు ఎంత ఇస్తారు?" అని ధైర్యంగా అడగగలరు.

నియామక పత్రం ఇస్తారా? 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలని ఉంది. 2019 నాటి వేతనాల కోడ్‌లో నెల జీతం తరువాతి నెల ఏడో తేదీలోగా ఇవ్వాలని, మానేసినా తీసేసినా రావలసినది రెండు పనిదినాల్లో చెల్లించాలని ఉంది. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే చోట పీఎఫ్ ఉంటుంది. నెల వేతనం 21,000 లోపు ఉన్నవారికి ఈఎస్ఐ వర్తిస్తుంది. ఇక్కడే ఒక మెలిక ఉంది. కాగితం మీద "ఉద్యోగి" అని రాయకుండా "ఏజెంటు" అనో "భాగస్వామి" అనో రాస్తే వీటిలో చాలా వరకు మీకు అందకుండా పోతాయి. కాబట్టి సంతకం పెట్టే ముందు ఆ ఒక్క మాట ఏమని ఉందో వెతికి చూడండి. పత్రం ఇంగ్లీషులో ఉండి అర్థం కాకపోతే "రేపు చదువుకుని తెస్తాను" అనండి. సంఘంలో చదివి చెప్పేవారు ఉంటారు.

ఆడపిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. ఒంటరిగా పంపుతారా, జంటగా పంపుతారా, సాయంత్రం ఎన్ని గంటల వరకు తిరగాలి, మధ్యలో మరుగుదొడ్డికి ఎక్కడికి వెళ్లాలి అని అడగడానికి మొహమాటపడొద్దు. 2013లో వచ్చిన లైంగిక వేధింపుల నివారణ చట్టంలో పనిస్థలం అంటే ఆఫీసు ఒక్కటే కాదు. ఉద్యోగం కోసం మీరు వెళ్లే ప్రతి చోటూ, యజమాని ఏర్పాటు చేసిన వాహనమూ అందులోకి వస్తాయి. పది మంది, అంతకు మించి పనిచేసే సంస్థలో ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. "మీ కమిటీలో ఎవరున్నారు?" అని అడగండి. ఆ ప్రశ్నకు మేనేజరు ముఖం ఎలా మారుతుందో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

కొన్ని చోట్ల నుంచి లేచి వచ్చేయాలి. ఉద్యోగం ఇవ్వడానికి డిపాజిట్ అడిగితే, ట్రైనింగు ఫీజు అంటే, బ్యాగు, యూనిఫాం కోసం ముందే డబ్బు కట్టమంటే వచ్చేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకుంటామంటే వచ్చేయండి. "నువ్వు ముగ్గుర్ని చేర్పించు, వాళ్లు తొమ్మిది మందిని చేర్పిస్తారు" అనగానే చెప్పులు వేసుకోండి. అలాంటి గొలుసు పథకాలను 1978 నాటి చట్టమే నిషేధించింది. 2021 నాటి డైరెక్ట్ సెల్లింగ్ నియమాలు కూడా వాటిని కాదన్నాయి. ఆ నియమాల ప్రకారం సరుకు అమ్మేవారు గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అనుమతి తీసుకోకుండా ఇంటికి వెళ్లకూడదు. గొలుసు పథకాల్లో మొదట చేరేది ఎవరు? మన అత్తమ్మలు, మన సంఘంలోని విధవరాండ్రు, మన బంధువులు. డబ్బు పోయిన తర్వాత మీరు ఆదివారం గుడికి రాలేరు, వాళ్ల మొహం చూడలేరు.

ఈ మాట దగ్గర కొంచెం ఆగాలి. ఇంతవరకు మన పిల్లలు మోసపోకూడదని చెప్పాం. మన పిల్లలు మోసం చేయకూడదని కూడా చెప్పాలి. తలుపు తెరిచే మనిషి కూడా ఎవరో ఒకరి అమ్మే. చదువు రాని ముసలామెకు ఇరవై ఏళ్ల పాలసీని ఫిక్స్‌డ్ డిపాజిట్ అని చెప్పి అంటగట్టమనే మేనేజర్లు ఉన్నారు. బీమా అమ్మాలంటే పరీక్ష రాసి అనుమతి తెచ్చుకోవాలని, అది లేకుండా ఇంకొకరి పేరు మీద అమ్మకూడదని తెలిసి కూడా పంపేవారున్నారు. అందుకే ఇంటర్వ్యూలోనే అడగండి: "కొన్నవారు తర్వాత వద్దనుకుంటే డబ్బు వెనక్కి ఇస్తారా? ఎన్ని రోజుల్లో?" సరిగా నడిచే సంస్థకు దీనికి జవాబు ఉంటుంది. ఇంటి అద్దె బాకీ ఉన్నప్పుడు ఇలాంటి ఉద్యోగం కాదనడం ఎంత కష్టమో మాకు తెలుసు. అందుకే ఆ బరువు ఒక్క పిల్లవాడి నెత్తిన పెట్టి, నువ్వు నీతిగా ఉండు అని చెప్పి చేతులు దులుపుకోకూడదు. అబద్ధం చెప్పలేక ఉద్యోగం మానేసి వచ్చిన బిడ్డకు ఒక నెల బియ్యం ఇవ్వలేని సంఘానికి నీతి బోధించే హక్కు ఎక్కడిది?

కాబట్టి పెద్దలకు మా మనవి ఇది. ప్రతి సంఘంలో నెలకు ఒక శనివారం సాయంత్రం ఒక గది తెరవండి. ఉద్యోగం చేస్తున్న అన్నలు, అక్కలు ఎదురుగా కూర్చుని ప్రశ్నలు అడగాలి, పిల్లలు జవాబులు చెప్పి చూడాలి. ఒక ప్రింటరు, ఒక ఇస్త్రీ పెట్టె, నియామక పత్రం చదివి చెప్పే ఒక మనిషి ఉంటే చాలు. ఏ కంపెనీ జీతం ఎగ్గొట్టిందో, ఏ కంపెనీ సరిగా ఇచ్చిందో ఒక పుస్తకంలో రాసిపెట్టండి. తర్వాత వెళ్లే పిల్లలకు అది దారి చూపుతుంది.

మనకు ఈ తలుపు తట్టే పని కొత్త కాదు. 1866లో బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసుకుంటూ ఊరూరా నడిచినవాడు. పుస్తకాల సంచి భుజాన వేసుకున్న కల్పోర్టర్లు, ఇల్లిల్లూ తిరిగిన బైబిలు స్త్రీలు మన సంఘాలను నిలబెట్టారు. గుమ్మం బయటే నిలబెట్టినా వాళ్లు తల దించుకోలేదు.

యౌవనస్థులారా, ఇంటర్వ్యూలో వాళ్లు మిమ్మల్ని పరీక్షిస్తారు. మీరూ వాళ్లను పరీక్షించండి. ఉద్యోగం వస్తే మొదటి నెల జీతం చీటీ తెచ్చి మాకు చూపించండి, కలిసి చదువుదాం. రాకపోతే, ఏ ప్రశ్న దగ్గర తడబడ్డారో అదే రోజు రాసుకుని శనివారం రండి, కలిసి మళ్లీ చెప్పి చూద్దాం. తలుపు వేసినవారిని తిట్టుకోకుండా పక్కింటికి నడవగలిగే ఓపిక దేవుడు మీకు ఇచ్చును గాక. మీ కష్టానికి తగిన కూలి మీ చేతికి అందును గాక.